న్యూయార్క్ 101.1 ఎఫ్ఎం: బోర్డు పాతదే, సరుకు మాత్రం కాదు

ఎడిసన్, జెర్సీ సిటీ వైపు కారు రేడియోలో 101.1 నొక్కితే వచ్చేది డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం. పాత పాటల స్టేషన్ అని దానికి పేరు. ఆ పేరు నమ్ముకుని 1960ల పాటల కోసం పెట్టుకుంటే మాత్రం గంటసేపు విన్నా ఒకటీ అరా తప్ప దొరకవు. ఇప్పుడక్కడ అసలు సరుకు 1980లది. దానికి తోడు 90లవి, అక్కడక్కడ 70లవి, 2000ల మొదట్లో వచ్చినవి కొన్ని. 80ల స్టేషన్‌గా చూస్తే 5కి 4 మార్కులు. అసలు సిసలు ఓల్డీస్ స్టేషన్‌గా చూస్తే ఒక్క మార్కు ఇవ్వడం కూడా మొహమాటానికే.

ఈ ఫ్రీక్వెన్సీ మీద పాటల తీరు చాలాసార్లు మారింది. ఒక్కో మార్పు ఎందుకు జరిగిందో తెలిస్తే ఇవాళ వినిపించేది ఎందుకలా ఉందో తెలుస్తుంది, ఇంకొన్నేళ్లకి ఏ పాటలు పోతాయో కూడా ఊహించొచ్చు.

స్టేషన్ మొదలైంది 1941 చివర్లో, డబ్ల్యూ67ఎన్‌వై అనే పేరుతో. ఆ పేరులోనే ఫ్రీక్వెన్సీ ఉంది: 46.7 మెగాహెర్ట్జ్‌లో చివరి రెండంకెలు, తర్వాత న్యూయార్క్. అప్పటి ఎఫ్ఎం బ్యాండ్ 42 నుంచి 50 దాకా ఉండేది. యుద్ధం అయ్యాక ప్రభుత్వం దాన్ని ఇప్పుడున్న 88-108కి జరిపేసింది, అప్పటిదాకా జనం కొనుక్కున్న సెట్లన్నీ మూలపడ్డాయి. ఆ తర్వాత చాలాకాలం ఎఫ్ఎంకి సొంత బతుకు లేదు, యజమాని సీబీఎస్ వాళ్లదే అయిన 880 ఏఎం స్టేషన్‌లో వచ్చేదే ఇక్కడా వచ్చేది. పెద్ద ఊళ్లలో ఏఎం కార్యక్రమాన్ని సగానికి మించి ఎఫ్ఎంలో అలాగే వేయకూడదని 1960ల మధ్యలో ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన పెట్టాక గానీ సొంత కార్యక్రమాలు చేసుకోవాల్సిన అవసరం రాలేదు.

1966లో "యంగ్ సౌండ్" అని ఒకటి పెట్టారు. అప్పటి హిట్ పాటల్ని గాయకులు లేకుండా వాద్యబృందాలతో వాయించిన రికార్డులు. దంతవైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు నేపథ్యంలో వచ్చే రకం. 1969లో దాన్ని తీసేసి రాక్‌లోకి దిగారు. కానీ 102.7లో డబ్ల్యూఎన్‌ఈడబ్ల్యూ ఎఫ్ఎం 1967 నుంచే ఆ పని చేస్తోంది, ఏబీసీ వాళ్ల 95.5 కూడా అదే దారి పట్టి 1971లో డబ్ల్యూపీఎల్‌జే అయింది. ఒకే రకం వినేవాళ్ల కోసం ముగ్గురు పోటీ పడితే మూడోవాడికి మిగిలేది కొంచెమే.

1972 జూలై 7న ఓల్డీస్ మొదలుపెట్టారు. 1950ల మధ్య నుంచి వచ్చిన రాక్ అండ్ రోల్, డూవాప్ (కొందరు గొంతులు కలిపి పాడే పాటలు), ఆ పైన 60ల హిట్లు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: అప్పటికి ఆ "పాత" పాటల వయసు ఎనిమిదేళ్లు, పదిహేనేళ్లు. వినేవాళ్లు ముప్ఫైల్లో ఉన్నారు. ఇళ్లు కొంటున్నారు, కార్లు కొంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. ప్రకటనలిచ్చేవాళ్లకి అంతకంటే కావాల్సిందేముంది? పైగా అచ్చంగా పాతవే కాకుండా ఆనాటి కొత్త హిట్లు కొన్నింటిని "ఫ్యూచర్ గోల్డ్" అనే పేరుతో కలుపుతూ వచ్చారు. ఆ చిన్న ఏర్పాటు తెలివైనది. ఇవాళ్టి హిట్ రేపటి ఓల్డీ అని స్టేషన్ ముందే ఒప్పుకున్నట్టు.

1980లు, 90లు దీని మంచి రోజులు. దానికి సగం కారణం పక్క స్టేషన్ పడిపోవడం. 77 ఏఎం (770 కిలోహెర్ట్జ్) డబ్ల్యూఏబీసీ 1982 మే 10న పాటలు ఆపేసి పూర్తిగా మాటల స్టేషన్ అయింది. ఒక తరం అక్కడ విన్న గొంతులన్నీ ఒక్కొక్కటిగా 101.1కి చేరాయి. హ్యారీ హారిసన్ 1980లోనే వచ్చి 2003 దాకా పొద్దున షో నడిపాడు. కజిన్ బ్రూసీ, రాన్ లండీ, డాన్ ఇంగ్రమ్ తర్వాత వచ్చారు. ఆదివారం రాత్రి డాన్ కె. రీడ్ డూవాప్ షో ఉండేది. ప్రోగ్రాం డైరెక్టర్ జో మెకాయ్ రెండు దశాబ్దాలకు పైగా కదలకుండా కూర్చున్నాడు. అమెరికన్ రేడియోలో ఆ కుర్చీలో ఒకే మనిషి అంతకాలం ఉండటం అరుదు. పాటతో పాటు, ఆ పాట కొత్తగా విడుదలైనప్పుడు పరిచయం చేసిన గొంతే మళ్లీ వినిపించడం ఈ స్టేషన్ అసలు బలం. 2005లో యాజమాన్యం పట్టించుకోనిది సరిగ్గా దీన్నే.

ప్రకటనల ఏజెన్సీలు కొనేది ప్రధానంగా 25 నుంచి 54 ఏళ్ల వయసువాళ్లని. 1972లో ముప్ఫై ఏళ్లున్న శ్రోతకి 2005 వచ్చేసరికి 63. స్టేషన్‌కి శ్రోతలు బాగానే ఉన్నా వాళ్లలో చాలామంది ఏజెన్సీ లెక్కలోకి రారు. విన్నవాళ్ల సంఖ్య ఎక్కువ, ఒక్కొక్కరికి వచ్చే రాబడి తక్కువ. 2000ల మొదట్లో 1964కి ముందు పాటలు తగ్గించడం మొదలుపెట్టారు గానీ నెమ్మదిగా. అప్పటికి ఇన్ఫినిటీ పేరుతో నడుస్తున్న సీబీఎస్ రేడియోకి ఆ నెమ్మది నచ్చలేదు.

2005 జూన్ 3, శుక్రవారం, సాయంత్రం 5 గంటలు. ఓల్డీస్ ఆగిపోయి "జాక్ ఎఫ్ఎం" వచ్చింది. అదే రోజు షికాగోలో వాళ్లదే ఇంకో ఓల్డీస్ స్టేషన్ 104.3 కూడా జాక్ అయింది. జాకీలకి శ్రోతల దగ్గర సెలవు తీసుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. ఓల్డీస్‌ని ఇంటర్నెట్‌కి, హెచ్‌డీ2 చానల్‌కి (అదే ఫ్రీక్వెన్సీలో హెచ్‌డీ అనే డిజిటల్ రేడియో ఉన్నవాళ్లకే అందేది) పంపేశారు. 2005లో హెచ్‌డీ రేడియో ఉన్న కారు న్యూయార్క్‌లో వెతికినా కనిపించేది కాదు కాబట్టి అది పంపడం కాదు, సాగనంపడం. మేయర్ బ్లూమ్‌బర్గ్ కూడా బహిరంగంగా విసుక్కున్నాడు.

జాక్ ఏమిటో తెలియనివాళ్లకి: 2002 డిసెంబర్‌లో కెనడాలోని వాంకోవర్‌లో ఒక స్టేషన్ తీసుకున్న ఈ పద్ధతి 2004లో డెన్వర్ మీదుగా అమెరికాలోకి దిగింది. పేరు, నినాదం, రికార్డు చేసిన వ్యాఖ్యలు అన్నీ లైసెన్స్ మీద కొనుక్కోవాలి. "మాకు నచ్చింది వేస్తాం" అన్నది నినాదం. జాకీలు ఉండరు, శ్రోతల ఫోన్లు ఉండవు. 70ల డిస్కో, ఆ వెంటనే 90ల గ్రంజ్ రాక్, తర్వాత 80ల పాప్. మామూలు స్టేషన్ ఐదారు వందల పాటలతో నడిస్తే ఇది వెయ్యి దాటిస్తుంది. చిన్న ఊళ్లలో బాగానే పనిచేసింది. జీతాల ఖర్చు లేదు, వినేవాడికి కొత్తదనం.

న్యూయార్క్‌లో మాత్రం కుదరలేదు. ఎందుకంటే, పొద్దున 7 గంటలకి లింకన్ టన్నెల్ దగ్గర ఆగిపోయిన మనిషికి కావాల్సింది చమత్కారం కాదు, ఏ దారి ఖాళీగా ఉందో చెప్పే మనిషి. జాక్ దగ్గర ఆ మనిషి లేడు. రెండోది, జాక్ వేసే ప్రతి రకం పాటకీ ఆ ఊళ్లో అదే పనిగా పెట్టుకున్న స్టేషన్ ఇంకోటి ఉంది. 70ల రాక్ కావాలంటే 104.3, మెత్తటి పాటలు కావాలంటే 106.7. మూడోది, అది ఐపాడ్ జేబులో పెట్టుకుని తిరిగే కాలం. పాటల్ని కలగాపులగంగా వేసే యంత్రం జనం దగ్గర అప్పటికే ఉంది, అదీ ప్రకటనలు లేకుండా. పాత శ్రోతలు ఒక్కరోజులో పోయారు, కొత్తవాళ్లు ఆ స్థాయిలో రాలేదు. రేటింగు పడింది, దానితోపాటు రాబడీ.

ఘంటసాల పాటలు మాత్రమే వేస్తూ వచ్చిన స్టేషన్ ఒక శుక్రవారం సాయంత్రం చెప్పకుండా అన్ని దశాబ్దాల డ్యాన్సు పాటల కలగూరగంపగా మారితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాలం కూడా ఇంచుమించు అదే, ఆయన వెలిగిన ఏళ్లే ఈ ఓల్డీస్ ఏళ్లు. మన ప్రైవేటు ఎఫ్ఎంలకి ఈ సమస్య రానే లేదు. పాతవాటిని వాళ్లు చాలావరకు రాత్రి పూటకే పరిమితం చేశారు.

2007లో సీబీఎస్ రేడియో అధిపతిగా డాన్ మేసన్ తిరిగొచ్చాడు. ఆ ఏడాది జూలై 12 మధ్యాహ్నం 1 గంట 1 నిమిషానికి, ఫ్రీక్వెన్సీ అంకెలు కలిసొచ్చేలా, పాత సీబీఎస్ ఎఫ్ఎంని వెనక్కి తెచ్చారు. ఈసారి హెచ్‌డీ2కి వెళ్లడం జాక్ వంతయింది. పేరు, జింగిల్స్, బాబ్ షానన్ లాంటి పాత గొంతులు కొన్ని తిరిగొచ్చాయి. పత్రికలు దీన్ని శ్రోతల విజయంగా రాశాయి. అది సగం నిజం. తిరిగొచ్చింది 1972 స్టేషన్ కాదు. 50లు, 60ల మొదటి సగం దాదాపు పోయాయి. బరువంతా 60ల రెండో సగం నుంచి 80ల దాకా ఉన్న పాటల మీదికి జరిగింది. "ఓల్డీస్" అనే మాట పక్కకి తప్పుకుని "క్లాసిక్ హిట్స్" వచ్చింది. అంటే 2005లో జాక్‌తో చేయాలనుకున్న పనే, శ్రోతల వయసు తగ్గించడం, ఇంకో రకంగా చేశారు. గోడలకి రంగు మార్చకుండా లోపల సామాను మార్చారు.

అదృష్టమూ తోడైంది. 2008లో న్యూయార్క్ రేటింగులు డైరీ పద్ధతి నుంచి పీపీఎంకి మారాయి. డైరీలో శ్రోత తాను విన్నదాన్ని గుర్తుపెట్టుకుని రాయాలి, కాబట్టి అభిమానులున్న స్టేషన్‌కి లాభం. పీపీఎం అంటే నడుముకి తగిలించుకునే చిన్న మీటరు. స్టేషన్ శబ్దంలో చెవికి తెలియకుండా దాచిన సంకేతాన్ని అది పట్టుకుంటుంది. దుకాణంలో, ఆఫీసులో, టాక్సీలో వెనకాల మోగేదీ లెక్కలోకి వస్తుంది. అందరికీ తెలిసిన, ఎవరూ ఆపమని అడగని పాటలు వేసే స్టేషన్‌కి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. అక్కడినుంచి సీబీఎస్ ఎఫ్ఎం ఊళ్లో పైవరుసలో నిలబడింది.

అప్పట్నుంచి చెప్పా పెట్టకుండా కాలాన్ని ముందుకి జరుపుతూనే ఉన్నారు. మొదట 60ల తొలి ఏళ్లు, తర్వాత 60లు మొత్తం, తర్వాత 70ల మెత్తటి పాటలు జారిపోయాయి. అటు చివర 90లు చేరాయి. 2014లో పొద్దున షోకి వచ్చిన స్కాట్ షానన్ అంతకుముందు ఎన్నో ఏళ్లు డబ్ల్యూపీఎల్‌జేలో 80లు, 90ల పాటలు వేసిన మనిషి. ఆ ఎంపికే స్టేషన్ ఎటు వెళ్తోందో చెప్పేసింది. 2022 డిసెంబర్‌లో ఆయన దిగిపోయాడు. 1964 నాటి పాటలు వేసే స్టేషన్ ఎప్పుడు పోయిందని అడిగితే ఫలానా రోజు అని చూపించలేం. మా లెక్కలో వాళ్ల పనితనమంతా అక్కడే ఉంది, వాళ్లమీద ఫిర్యాదూ అక్కడే ఉంది.

పక్కవాళ్లతో పోలిస్తే ఇది తక్కువ సంగతి కాదు. ఇదే యాజమాన్యం కింద ఉన్న 102.7 రాక్ వదిలేసి 1999లో మాటల స్టేషన్, 2003లో "బ్లింక్", 2007లో "ఫ్రెష్" అంటూ ఊపిరాడకుండా బోర్డులు మార్చింది. 95.5 డబ్ల్యూపీఎల్‌జే 2019 మే 31న మూతపడి క్రైస్తవ భక్తి సంగీతపు నెట్‌వర్క్ చేతికి వెళ్లింది. 101.1 మాత్రం సీబీఎస్ నుంచి 2017లో ఎంటర్‌కామ్‌కి, ఆ కంపెనీ పేరు మార్చుకున్నాక 2021లో అడేసీకి, 2024 జనవరిలో అడేసీ దివాలా రక్షణ కోరినప్పుడూ పాటల దారి మార్చుకోలేదు. ఆ ఏడాది ఆగస్టులో 880 ఏఎం వార్తలు ఆపేసి క్రీడల స్టేషన్ అయ్యాక, సీబీఎస్ అక్షరాలు అక్కడ పోయి ఇక్కడ మిగిలాయి. ఇక్కడున్న సీబీఎస్ ఇప్పుడు సీబీఎస్‌ది కాకపోవడం వేరే ముచ్చట.

ఇక రోజువారీ వినడం ఎలా ఉంటుందంటే.

ఈ రకం స్టేషన్లలో పాటలు జాకీ ఎంచడు. హోటల్ హాల్లో ఎనభై నుంచి వందమందిని కూర్చోబెట్టి ఐదారు వందల పాటల నుంచి ఏడెనిమిది సెకన్ల ముక్కలు వినిపించి మార్కులు వేయిస్తారు. నెగ్గినవి మూడు నాలుగు వర్గాలుగా షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి. ఒకే గాయకుడు వెంటవెంటనే రాకూడదు, రెండు నెమ్మది పాటలు పక్కపక్కన పడకూడదు, నిన్న ఈ గంటలో వచ్చింది ఇవాళ ఇదే గంటలో రాకూడదు, ఇలా నియమాలు. చివరి నియమం ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. ఒక వర్గంలో 48 పాటలుండి గంటకి రెండు చొప్పున వేస్తే సరిగ్గా 24 గంటల్లో చుట్టు పూర్తవుతుంది. అంటే మీరు 8:10కి కారెక్కిన ప్రతిరోజూ అదే పాట. ఆ వర్గాన్ని 50కి పెంచితే చుట్టు 25 గంటలకి వెళ్లి రోజుకో గంట జరుగుతుంది. సరిగ్గా నడిపే స్టేషన్‌కీ అడ్డగోలుగా నడిపేదానికీ తేడా ఇలాంటి చోట తెలుస్తుంది. 101.1లో ఈ లోపం పెద్దగా కనబడదు. అయినా రోజుకి రెండు గంటలు ప్రయాణించేవాళ్లకి రెండు మూడు వారాల్లో మొత్తం జాబితా కంఠతా వచ్చేస్తుంది. టెస్టులో నెగ్గినదే వేస్తారు, వేసినదే జనానికి గుర్తుంటుంది, గుర్తున్నదే మళ్లీ టెస్టులో నెగ్గుతుంది. ఒక గాయకుడికి పది హిట్లున్నా ఇక్కడ మూడే వినిపించడానికి కారణం ఇదే.

ప్రకటనల విరామాలు తక్కువసార్లు, కానీ పొడుగ్గా వస్తాయి. ఇది కూడా మీటరు పుణ్యమే. పావుగంటలో ఐదు నిమిషాలు వింటే ఆ పావుగంట మొత్తం స్టేషన్ ఖాతాలో పడేది (రేటింగులు లెక్కకట్టే నీల్సన్ కంపెనీ 2025 నుంచి దాన్ని మూడు నిమిషాలకి తగ్గించింది). అందుకని గంట మొదట్లో, అరగంట మొదట్లో పాటలు గ్యారంటీగా ఉండేలా చూసి, విరామాన్ని రెండు పావుగంటలు కలిసేచోట అటూ ఇటూ పరుస్తారు. ప్రకటనలంటే చిరాకున్నవాళ్లు 15, 45 నిమిషాల ప్రాంతంలో వేరే బటన్ నొక్కి ఐదారు నిమిషాలాగి రావడం మంచిది.

సిగ్నల్ సంగతి విడిగా చెప్పాలి. ప్రసారం ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద నుంచి. పవర్ ఏడు కిలోవాట్ల లోపే, అయినా యాంటెన్నా ఎత్తు 400 మీటర్ల పైచిలుకు కాబట్టి ఎడిసన్, ఐసెలిన్ దాకా ఇబ్బంది లేదు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి వైపు వెళ్తే వాచుంగ్ కొండల వెనక అక్కడక్కడ బుస్సుమంటుంది. అసలు తంటా న్యూజెర్సీ టర్న్‌పైక్ హైవే మీద దక్షిణంగా వెళ్లేవాళ్లకి. ఫిలడెల్ఫియాలో కూడా 101.1 ఉంది, డబ్ల్యూబీఈబీ. ఫ్రీక్వెన్సీ ఒకటే, ఇప్పుడు యజమానీ ఒకరే, పాటలు మాత్రం వేరు. ఎఫ్ఎం రిసీవర్ రెండిట్లో బలమైనదాన్నే పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది కాబట్టి క్రాన్‌బరీ, ఈస్ట్ విండ్సర్ ప్రాంతంలో రెండూ కలిసి మోగవు, ఒక వంతెన దాటగానే పాట మధ్యలో ఇంకో పాట అయిపోతుంది. రేడియో పాడైందని షాపుకి తీసుకెళ్లే పని లేదు. డిస్‌ప్లేలో స్టేషన్ పేరు చూస్తే ఏది పట్టుకుందో తెలిసిపోతుంది.

హెచ్‌డీ ఉన్న కార్లలో ఇంకో చిక్కు. డిజిటల్ భాగం అనలాగ్ కంటే చాలా తక్కువ పవర్‌తో వస్తుంది, అందుకే సరిహద్దుల్లో ముందు అదే పోతుంది. పోయినప్పుడు రేడియో అనలాగ్‌కి, దొరికినప్పుడు మళ్లీ డిజిటల్‌కి దూకుతుంటే గొంతు ఒకసారి పల్చగా ఒకసారి మందంగా మారుతుంది. సెట్టింగ్స్‌లో హెచ్‌డీ ఆపేస్తే ఈ ఊగిసలాట పోతుంది. హెచ్‌డీ2, హెచ్‌డీ3 చానళ్లకి అనలాగ్ ఆసరా లేదు, సిగ్నల్ తగ్గితే నిశ్శబ్దమే. కారు రేడియో కొత్తగా ట్యూన్ చేసినప్పుడు డిజిటల్ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, దానికీ కంగారు పడొద్దు.

ఎవరికి పనికొస్తుందంటే, 80ల్లో, 90ల్లో కాలేజీలో ఇంగ్లిష్ పాటల క్యాసెట్లు కాపీ చేయించుకున్న తరానికి ఇది సరిగ్గా సరిపోతుంది. పొద్దున ట్రాఫిక్ సమాచారంతో పాటు తెలిసిన పాటలు చాలనుకునేవాళ్లకీ అంతే. రాక్ మాత్రమే కావాలంటే 104.3కి, కొత్త కొత్త గాయకులు కావాలంటే ఫోర్డ్‌హమ్ విశ్వవిద్యాలయం వాళ్ల 90.7కి వెళ్లండి. నవంబర్ నుంచి క్రిస్మస్ పాటలే వినాలనుకుంటే 106.7 ఉంది. 101.1 ఆ పోటీలోకి దిగకపోవడం, ఇంట్లో అప్పటికే ఆ పాటలతో విసిగినవాళ్లకి మేలే.

50లు, 60ల పాటలే కావాలనుకునేవాళ్లకి దారి విచిత్రంగా మొదటికే వెళ్తుంది. 2005లో 101.1 వదిలిన కజిన్ బ్రూసీ శాటిలైట్ రేడియోలో పదిహేనేళ్లు గడిపి 2020లో తన పాత 77 ఏఎం డబ్ల్యూఏబీసీకి తిరిగొచ్చి శనివారం సాయంత్రాలు ఆ పాటలే వేయడం మొదలుపెట్టాడు. 50 కిలోవాట్ల స్టేషన్, చీకటిపడితే ఫిలడెల్ఫియా దాటి వినిపిస్తుంది. కాకపోతే చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం బ్యాండే ఉండదు, మోటారు రొదకి అది తట్టుకోదని తయారీదార్లు తీసేశారు. టెస్లా ఉన్నవాళ్లు స్టేషన్ వెబ్‌సైట్‌లోనో ఫోన్ యాప్‌లోనో పెట్టుకోవాలి.